ఎర్త్ పిన్ను తీసేస్తే గుయ్ ఆగింది, అలా వదిలెయ్యొచ్చా?

ప్రశ్న: మాది కావలి. మూడు నెలల కిందట కింది పోర్షన్ నుంచి మేడ మీద కొత్తగా కట్టిన పోర్షన్‌కి మారాం. టీవీ, కేబుల్ సెట్‌టాప్ బాక్స్, పన్నెండేళ్ళ నాటి 5.1 హోమ్ థియేటర్, అన్నీ పాతవే. కింద బాగా పనిచేసిన హోమ్ థియేటర్ ఇక్కడ ఆన్ చెయ్యగానే గుయ్ మంటోంది. ఫ్యాన్ స్పీడ్ తగ్గిస్తే కర్రుమంటోంది. ఫోన్ రింగయ్యే ముందు టకటకమంటోంది. ఒక మెకానిక్ చూసి యాంప్లిఫయర్ పోయింది, కొత్తది కొనండి అన్నాడు. ఇంకొకాయన ప్లగ్గుకు ఉన్న పెద్ద పిన్ను తీసేశాడు, గుయ్ ఆగిపోయింది. అలా వదిలెయ్యొచ్చా? మా మామయ్యగారు చెవికి మెషీన్ పెట్టుకుంటారు. ఆ గుయ్‌కి ఆయనకు తలనొప్పి వస్తోందని టీవీ చూడడమే మానేశారు.

సమాధానం:

అమ్మా, మిగతాదంతా తర్వాత చదువుదురుగానీ, ముందు ఆ ప్లగ్గు తీసేసి మూడు పిన్నులున్న కొత్త ప్లగ్గు బిగించండి. ఈ రోజే. అది బిగించేదాకా హోమ్ థియేటర్ ఆన్ చెయ్యకండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉన్నా లేకపోయినా నేను చెప్పేది ఇదే.

ఎందుకంటే ఆ పెద్ద పిన్ను సౌండ్ కోసం పెట్టింది కాదు. పాత 5.1 సెట్లలో వూఫర్ డబ్బా వెనక రేకు ఉంటుంది, లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ వేడికి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మీది వార్నిష్ పెళుసెక్కుతుంది, ఎలుక కొరికిన వైరో, ఊడిన స్క్రూనో రేకుకు తగులుతుంది. అప్పుడు 230 వోల్టుల ఫేజ్ నేరుగా రేకులోకి వస్తుంది. ఎర్త్ పిన్ను ఉంటే ఆ కరెంటు ఎర్త్ వైరులోకి దూకి ఫ్యూజు కొడుతుంది, లేదా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు పక్కదారి పడితే లైను ఆపేసే స్విచ్చు) ఉంటే అది పడిపోతుంది. పిన్ను లేకపోతే ఆ కరెంటు రేకులోనే కాచుకుని ఉంటుంది. తుడుద్దామని తడిగుడ్డతో మీరు చెయ్యి వేసినప్పుడు దారి దొరుకుతుంది. ఇంకో సంగతి. రేకులోకి వచ్చిన ఫేజ్ అక్కడే ఆగదు. టీవీ సౌండును హోమ్ థియేటర్‌కు తెచ్చే ఏవీ కేబుల్ పైఅల్లిక (లోపలి తీగ చుట్టూ ఉండే సన్నటి రాగి అల్లిక) మీదుగా టీవీకి, టీవీ నుంచి సెట్‌టాప్ బాక్సుకు, అక్కడి నుంచి కేబుల్ వైరు మీదుగా వీధిలోకి పోతుంది. ఆ వైరు పట్టుకుని మరమ్మతు చేసే కుర్రాడి ప్రాణం కూడా మీ ప్లగ్గులోని ఆ ఒక్క పిన్ను మీద ఆధారపడి ఉంది.

ఆ పిన్ను తీసిన ఆయనకు చెడు ఉద్దేశం ఉందని నేను అనను. గుయ్ ఆగిందంటే పని అయిందనుకుంటారు చాలామంది. కానీ ఆయన తెలియకుండానే మనకొక మంచి పరీక్ష చేసిపెట్టాడు. పిన్ను తియ్యగానే గుయ్ పూర్తిగా పోయిందంటే మీ యాంప్లిఫయర్ పోలేదు. కొత్తది కొనకండి. యాంప్లిఫయర్ లోపలి ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి వచ్చే గుయ్ అయితే పిన్ను ఉన్నా లేకపోయినా వస్తూనే ఉంటుంది. వాల్యూమ్ సున్నా చేసినా వస్తుంది, వెనక ఉన్న వైర్లన్నీ పీకేసినా వస్తుంది. మీది అది కాదు.

మీ ఇంట్లో జరుగుతున్నదాన్ని మేం ఎర్త్ లూప్ అంటాం. కొందరు గ్రౌండ్ లూప్ అంటారు. పొలం చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పక్కపక్కన రెండు మళ్ళు ఉన్నాయి, ఒకదాంట్లో నీళ్ళు రెండంగుళాలు ఎక్కువ ఉన్నాయి. మధ్యలో గెనిమ గట్టిగా ఉన్నంతసేపూ ఏమీ కాదు. గెనిమకు ఎండ్రకాయ బొక్క పెట్టిందనుకోండి, నీళ్ళు పారతాయి. మీ హోమ్ థియేటర్ మూడో పిన్ను ద్వారా మీ ఇంటి ఎర్త్ గుంటకు కలిసి ఉంది. కేబుల్ వైరు పైఅల్లిక వీధిలో ఎక్కడో కేబుల్ వాళ్ళ యాంప్లిఫయర్ బాక్సు దగ్గర వేరే ఎర్త్‌కు కలిసి ఉంది. ఈ రెండు ఎర్త్‌లూ ఒకే మట్టంలో ఉండవు, మధ్యలో ఒక వోల్టో, మూడు వోల్టులో తేడా ఉంటుంది. టీవీ నుంచి హోమ్ థియేటర్‌కు మీరు పెట్టిన ఏవీ కేబులే ఆ ఎండ్రకాయ బొక్క. తేడా ఉన్న కరెంటు అందులోంచి పారుతుంది, సెకనుకు 50 సార్లు అటూ ఇటూ.

ఇంత చిన్న వోల్టేజికి అంత పెద్ద చప్పుడు ఎందుకొస్తుందని అడగొచ్చు. ఆ ఏవీ కేబుల్ చివర ఉండే ఎరుపు, తెలుపు పిన్నుల్లో పాట సుమారు 0.3 వోల్టుల బలంతోనే నడుస్తుంది. పైగా పిన్ను చుట్టూ ఉండే రింగు రెండు పనులు చేస్తుంది. పాట తిరిగి వచ్చే దారీ అదే, ఎర్త్ కలిసే దారీ అదే. ఆ దారిలో వోల్టులో వందో వంతు గుయ్ కలిసినా యాంప్లిఫయర్ అది పాటే అనుకుని పెంచేస్తుంది. యాంప్లిఫయర్ తప్పేమీ లేదు, దానికి అందిందే అది పెంచింది.

మరి కింద ఉన్నప్పుడు ఎందుకు రాలేదు? మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, దీన్ని మాత్రం నిదానంగా చదవండి. పై పోర్షన్ కొత్తగా కట్టిందంటున్నారు, అంటే కింది పోర్షన్ పాతదై ఉంటుంది. పాత ఇళ్ళలో చాలాచోట్ల సాకెట్టుకు మూడు రంధ్రాలు ఉంటాయి గానీ పైరంధ్రం వెనక వైరే ఉండదు. ఉన్నా ఆ ఆకుపచ్చ వైరు బోర్డు వెనక చుట్టచుట్టి వదిలేసి ఉంటుంది. ఎర్త్ లేకపోతే లూప్ లేదు, లూప్ లేకపోతే గుయ్ లేదు. కాబట్టి కింద గుయ్ రాకపోవడం కింద వైరింగ్ బాగుందనడానికి రుజువు కాదు. బహుశా పైన కొత్త వైరింగ్‌లో ఎర్త్ సరిగ్గా వేసినందువల్లే మీకు గుయ్ మొదలైంది. పిన్ను తీసేసి మీరు పై పోర్షన్‌ను కూడా పాత ఇంటి పరిస్థితికి తెచ్చారు, అంతే. వీలైతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచినప్పుడే కింది సాకెట్లలో ఎర్త్ ఉందో లేదో చూపించండి. గీజరు, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ పెట్టే సాకెట్లు ముందు.

ఇప్పుడు గుయ్ ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకుందాం. కొత్త ప్లగ్గు బిగించాక హోమ్ థియేటర్ వెనక ఉన్న ఎరుపు, తెలుపు పిన్నులన్నీ తీసేయండి. స్పీకర్ల వైర్లు ఉండనివ్వండి. ఆన్ చేసి వాల్యూమ్ సగం పెట్టండి. నిశ్శబ్దంగా ఉండాలి. తర్వాత ఆఫ్ చేసి టీవీ నుంచి వచ్చే ఏవీ కేబుల్ ఒక్కటే పెట్టండి, సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ వైరు మాత్రం ఊడదీసి పక్కన పెట్టండి. ఆన్ చేసి వినండి. చాలావరకు ఇప్పుడూ నిశ్శబ్దంగానే ఉంటుంది. చివరగా ఆ కేబుల్ వైరును, నల్లటి తొడుగు దగ్గరే పట్టుకుని, ఇత్తడి రింగుకు వేళ్ళు తగలకుండా, సెట్‌టాప్ బాక్సు దగ్గరకు తీసుకెళ్ళండి. రింగు మర తిరిగే దాకా కూడా ఆగక్కర్లేదు. అంచు తాకగానే చిటుక్కుమని గుయ్ మొదలవుతుంది, వెనక్కి తీయగానే ఆగిపోతుంది. అలా జరిగితే దొంగ దొరికినట్టే.

దగ్గర మల్టీమీటరు ఉన్నవాళ్ళు ఉంటే ఆ ఊడదీసిన కేబుల్ రింగుకూ, హోమ్ థియేటర్ వెనక రేకుకూ మధ్య ఏసీ వోల్టులు ఎంతో చూడమనండి. ఒకటి రెండు వోల్టులు వస్తే మామూలు లూప్. 60, 80, 100 అని చూపిస్తే కంగారుపడకండి గానీ వదిలెయ్యకండి. రెండు పిన్నుల ప్లగ్గుతో నడిచే సెట్‌టాప్ బాక్సులూ అడాప్టర్లూ లోపలి చిన్న కండెన్సర్ల ద్వారా తమ బాడీని సగం మెయిన్స్ వోల్టేజి దాకా తేలుస్తాయి, డిజిటల్ మీటరు దాన్ని పెద్దగా చూపిస్తుంది. చేతికి జివ్వుమనిపించే కరెంటు అదే, ఒక్క మిల్లీ ఆంపియర్ కూడా ఉండదు. కానీ అది ఆ అడాప్టర్ లీకేజీయా, నిజంగా వీధిలో ఎక్కడో ఫేజ్ కేబుల్ వైరుకు తగిలిందా అన్నది మీటరు అంకె ఒక్కటే చూసి చెప్పకూడదు. ఎలక్ట్రీషియన్ మధ్యలో ఒక బల్బు లోడు పెట్టి చూస్తాడు. లీకేజీ అయితే మీటరు అంకె టక్కున పడిపోతుంది. బల్బు వెలిగితే ఆ కేబుల్ వైరును వెంటనే ఇంట్లోంచి బయటికి తీసేసి కేబుల్ వాళ్ళకూ, కరెంటు ఆఫీసుకూ చెప్పాలి. ఈ పరీక్ష మీరు చెయ్యొద్దు, పని తెలిసినవాళ్ళతోనే చేయించండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఒక ఇంటి సంగతి చెబితే తెలుస్తుంది. నెల్లూరులో 90ల నుంచి నేను యాంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. కొన్నేళ్ళ కిందట విడవలూరు అవతల, సముద్రం వైపు, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఇంటికి పిలిచారు. వాళ్ళ హోమ్ థియేటర్ పగలంతా బాగుంటుంది, రాత్రి పది దాటాక గుయ్ మొదలై తెల్లారేదాకా ఉంటుంది. అప్పటికే రెండు సార్లు సెట్టు టౌన్‌కు తెచ్చి చూపించారట, షాపులో పగలు పెడితే ఏమీ రాలేదు. నేను రాత్రి అక్కడే ఉండి చూశాను. పదింటికి చెరువు గట్టు మీద ఏరియేటర్లు వేశారు. రాత్రిళ్ళు చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది, ఎండ లేక నాచు ఆక్సిజన్ ఇవ్వదు, అందుకే రొయ్యల రైతులు ఏరియేటర్లు ఎక్కువగా రాత్రే తిప్పుతారు. చక్రాలు తిరగడం మొదలైన అరనిమిషంలో ఇంట్లో స్పీకర్ గుయ్ మంది. కేబుల్ రింగుకూ ఇంటి ఎర్త్‌కూ మధ్య పగలు ఒక్క వోల్టు కూడా లేదు, ఇప్పుడు 11 వోల్టులు. గట్టు మీదికి వెళ్ళి ఒక్కో ఏరియేటరు ఆపుతూ రమ్మన్నాను. నాలుగోది ఆపగానే ఇంట్లో వాళ్ళావిడ కేక వేసింది, ఆగింది, ఆగిందని. పొద్దున ఆ మోటారు కేబుల్ లాగి చూస్తే గట్టు మట్టిలో పూడ్చిన చోట పైతొడుగు పార తగిలి తెగి ఉంది, లోపలి రాగి ఆకుపచ్చగా చిలుమెక్కి తడి మట్టికి ఆనుకుని ఉంది. ఆ గట్టు మీదే పనివాళ్ళు చెప్పుల్లేకుండా మేత చల్లుతూ తిరుగుతారు. ఆ రోజు ఆ స్పీకర్ గుయ్ అనకపోయి ఉంటే, లేదా ఎవరో ముందే వచ్చి ఎర్త్ పిన్ను తీసి దాని నోరు మూయించి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

మీ ఇంట్లో అంత ఉంటుందని కాదు. మీది తొంభై పాళ్ళు మామూలు లూపే. దాన్ని పిన్ను తీయకుండా ఆపడానికి మూడు దారులున్నాయి, మీకు ఏది వీలైతే అది.

అన్నిటికంటే ముందు డబ్బు ఖర్చు లేని పని చెయ్యండి. టీవీ, సెట్‌టాప్ బాక్సు, హోమ్ థియేటర్ మూడూ ఒకే గోడ సాకెట్టు నుంచి, ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిచేలా పెట్టండి. వేర్వేరు గోడల సాకెట్ల నుంచి తీసుకుంటే వాటి ఎర్త్‌ల మధ్యే తేడా ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనేటప్పుడు దాని ప్లగ్గుకు మూడు పిన్నులూ ఉన్నాయో లేదో చూసుకోండి. మూడు పిన్నులు పట్టే రంధ్రాలు పెట్టి, తాను మాత్రం రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చే చౌక రకాలు బజార్లో దొరుకుతున్నాయి, వాటిని ముట్టుకోకండి. ఒకే బాక్సు మీదికి తెస్తే కొందరి ఇళ్ళలో గుయ్ బాగా తగ్గుతుంది. కేబుల్ వైరు నుంచి వచ్చేది మాత్రం పూర్తిగా పోదు.

రెండోది ఐసోలేటర్. ఏవీ కేబుల్ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా ఉంటుంది, ఐదు వందల లోపే దొరుకుతుంది. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పాట ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు అయస్కాంతం ద్వారా దాటుతుంది, రాగి మాత్రం కలవదు. లూపు తెగిపోతుంది, ఎర్త్ ఎక్కడిదక్కడే ఉంటుంది. లోటు ఒకటే, చౌకవాటిలో వూఫర్ లోతు కొంచెం తగ్గుతుంది. మామయ్యగారు చూసే వార్తలకూ ప్రవచనాలకూ ఆ తేడా తెలియదు. కేబుల్ వైరులోనే పెట్టే ఐసోలేటర్ కూడా ఉంటుంది, మీలాంటి కేబుల్ కనెక్షన్‌కు అది ఇంకా మంచిది, ఎందుకంటే గుమ్మం దగ్గరే ఆపుతుంది. కానీ డిష్ యాంటెన్నా ఉన్నవాళ్ళు దాన్ని కొనకండి. డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీ అనే పార్టుకు సెట్‌టాప్ బాక్సు అదే వైరులో 13 లేదా 18 వోల్టుల డీసీ పంపాలి. మామూలు ఐసోలేటర్ ఆ డీసీని ఆపేస్తుంది, గుయ్‌తో పాటు బొమ్మ కూడా పోతుంది. డిష్ వాళ్ళు ఆ డిష్ స్టాండును ఇంటి ఎర్త్‌కే కలిపించుకోవడం సరైన పని.

మూడోది, నాకు బాగా నచ్చినది, ఆప్టికల్ కేబుల్. మీ టీవీ వెనక చదరంగా, చిన్న మూతతో ఒక రంధ్రం ఉందేమో చూడండి, మూత తీస్తే లోపల ఎర్రగా వెలుగుతుంది. అందులోంచి సౌండ్ వెలుతురుగా వెళ్తుంది. రాగి తీగే లేదు కాబట్టి గుయ్ వెళ్ళడానికి దారే లేదు. మీ హోమ్ థియేటర్ పాతది, దానికి ఆ రంధ్రం లేకపోతే ఆప్టికల్‌ను ఎరుపు, తెలుపు పిన్నులకు మార్చే చిన్న కన్వర్టర్ డబ్బా పెట్టుకోవచ్చు. ఇక్కడ రెండు చోట్ల చాలామంది తప్పు చేస్తారు. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ సౌండ్) అని పెట్టాలి, లేకపోతే ఆ చిన్న కన్వర్టర్‌కు అర్థం కాక సౌండే రాదు. ఆ కన్వర్టర్‌కు కరెంటును టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి ఇవ్వకూడదు. అలా ఇస్తే యూఎస్‌బీ వైరులోని రాగి మళ్ళీ టీవీనీ హోమ్ థియేటర్‌నూ కలిపేస్తుంది, వెలుతురు కేబుల్ పెట్టీ ప్రయోజనం ఉండదు. విడిగా ఫోన్ చార్జర్‌తో ఇవ్వండి. ఇదే కారణంగా, కేబుల్ బదులు ఫైబర్ కనెక్షన్ మీద టీవీ చూసేవాళ్ళ ఇళ్ళలో వీధి నుంచి వచ్చే గుయ్ దాదాపు కనపడదు. ఇంట్లోకి వచ్చేది గాజు పోగు, దానికి ఎర్త్ లేదు.

ఫ్యాన్ దగ్గర వచ్చే కర్ర్ వేరే జాతి. మీ పై పోర్షన్‌లో గుండ్రంగా, మెట్లు లేకుండా నునుపుగా తిరిగే రెగ్యులేటర్ పెట్టి ఉంటారు. అందులో ట్రయాక్ అనే పార్టు ఉంటుంది. అది కరెంటు అలను మధ్యలో కోసి ఫ్యాన్‌కు ఇస్తుంది, సెకనుకు వందసార్లు. ఆ కోసిన పదును ఇంటి వైరింగ్ అంతా పాకుతుంది. ఫుల్ స్పీడులో కోత ఉండదు కాబట్టి చప్పుడు రాదు, తగ్గించినప్పుడే వస్తుంది, మీరు రాసినట్టే. టిక్కు టిక్కుమంటూ నాలుగైదు మెట్లుండే రెగ్యులేటర్లలో కండెన్సర్లు ఉంటాయి, అవి అలను కోయవు. హాల్లో ఫ్యాన్‌కు అది మార్పించండి, కర్ర్ పోతుంది. చౌక ఎల్ఈడీ బల్బులూ, పేరూ ఊరూ లేని చార్జర్లూ కూడా ఇలాంటి చప్పుడు చేస్తాయి. ఏది చేస్తోందో కనుక్కోవడానికి మా పాత పద్ధతి చెబుతాను. ఇంట్లో పాత బ్యాటరీ ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే మీడియం వేవ్‌లో పెట్టి, స్టేషన్ లేని చోట ఆపి, వాల్యూమ్ పెంచి ఒక్కో బల్బు, ఒక్కో చార్జర్ దగ్గరికి తీసుకెళ్ళండి. దోషం ఉన్నదాని దగ్గర బరబరమని అరుస్తుంది. ఒకప్పుడు విజయవాడ రేడియో స్టేషన్ 837 కిలోహెర్ట్జ్ మీద ఇంటింటా వినబడేది. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఈ చార్జర్ల రొదలో మీడియం వేవ్ మునిగిపోతోంది, నాకు చాలా బాధగా ఉంటుంది.

ఫోన్ వచ్చే ముందు టకటక అనేది 2జీ ఫోన్ లక్షణం. 2జీలో ఫోను టవరుతో ఆగకుండా మాట్లాడదు, సెకనుకు సుమారు 217 సార్లు తుంపులు తుంపులుగా సిగ్నల్ పంపుతుంది, ఆ తుంపులు వైర్లలోకి దూరి అలా వినిపిస్తాయి. మామయ్యగారిది బటన్ ఫోన్ అయివుంటుంది. హోమ్ థియేటర్‌కు రెండు మూడడుగులు ఎడంగా పెట్టమనండి, చాలు. బ్యాటరీ మీద నడిచే బ్లూటూత్ స్పీకర్‌లో మాత్రం ఈ ఎర్త్ లూప్ గుయ్ ఉండదు. అక్కడ వైఫై రద్దీ వల్లో, మైక్రోవేవ్ ఓవెన్ వల్లో పాట తెగి తెగి వస్తుంది, అది ఇంకో కథ.

ఇన్వర్టర్ గురించి మీరు అడగలేదు గానీ, కరెంటు పోయినప్పుడు మాత్రమే గర్రుమంటే అది బహుశా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, అంటే నునుపైన అల కాకుండా పలకలు పలకలుగా కరెంటు ఇచ్చే రకం. హోమ్ థియేటర్‌ను ఆ లైను నుంచి తప్పించండి.

కావలిలో ఉంటున్నారు కాబట్టి పిన్నుల సంగతి తప్పకుండా చూడాలి. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఊళ్ళోకి బాగానే తగులుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఇంకా ఎక్కువ. రెండేళ్ళు కదపకుండా ఉన్న ఏవీ పిన్ను తీసి వెలుతురులో చూడండి. మెరవాల్సిన రింగు మసిబారి ఉంటుంది, గోటితో గీకితే నల్లటి పొడి రాలుతుంది. రింగు అంటుకోకపోతే పైఅల్లిక లేనట్టే, అప్పుడు పిన్ను వేలితో తాకగానే గుమ్మని పెద్దగా వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది పిన్నులూ సాకెట్లూ తుడవండి, అన్నీ ఆఫ్ చేసి, ప్లగ్గులు తీసిన తర్వాత. తుడిచినా కదిపినప్పుడల్లా చప్పుడు మారుతుంటే పిన్ను తొడుగు వెనక్కి లాగి చూడండి. పైఅల్లిక తెగి రెండు మూడు పోగుల మీద వేలాడుతూ కనిపిస్తుంది. అక్కడ టంకం పెట్టించడం పది నిమిషాల పని, కొత్త కేబుల్ కొనడం అంతకంటే తేలిక.

ఎర్త్ గుంట కూడా ఒకసారి చూపించండి. మన కోస్తా వైపు భూమిలో తడి, ఉప్పు రెండూ ఉండడం వల్ల ఎర్త్ బాగానే దొరుకుతుంది, కానీ అదే ఉప్పు జీఐ పైపును (జింకు పూత వేసిన ఇనుప పైపును) తినేస్తుంది. పైపు తలకు వైరు బిగించిన నట్టు తుప్పుపట్టి విరిగిపోయి, వైరు పక్కన ఊరికే ఆనించి ఉన్న గుంటలు ఎన్నో చూశాను. కనిగిరి, పామూరు, దర్శి వైపు సమస్య తలకిందులు. అక్కడ పైపు అంతగా తుప్పు పట్టదు, నేలే ఎండిపోయి రాయిలా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో గుయ్ వస్తోంది, వానలు పడితే తగ్గుతోందని అక్కడివాళ్ళు చెబితే నేను ముందు గుంటలో నాలుగు బిందెల నీళ్ళు పొయ్యమంటాను. తగ్గితే ఎర్త్ సరిపోవడం లేదనే అర్థం. పైపు కనీసం రెండున్నర మీటర్ల లోతుకు దిగి ఉండాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పోయించి ఉండాలి.

ఇక మామయ్యగారు. ఆయన చెవి మెషీన్‌లో ఫోన్ వినడానికి టీ అనే సెట్టింగ్ ఉందేమో చూడండి. అందులో టెలికాయిల్ అనే చిన్న చుట్ట ఉంటుంది, అది గాలిలోని అయస్కాంత క్షేత్రాన్ని నేరుగా పట్టుకుంటుంది. వూఫర్ డబ్బాలోని ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కూర్చుంటే మీకు ఏమీ వినపడకపోయినా ఆయన చెవిలో గుయ్ మంటుంది. ఈ పనులన్నీ చేసి మీకు గది నిశ్శబ్దంగా ఉన్నాక కూడా ఆయన వస్తోందంటే ఆయన మాట నమ్మండి, పెద్దాయన ఊరికే అంటున్నారని కొట్టిపారెయ్యొద్దు. మెషీన్‌ను ఎం అనే సెట్టింగ్‌కు (మైకుతో వినేదానికి) మార్చి చూడండి, ఆయన కుర్చీని వూఫర్‌కు నాలుగైదు అడుగుల దూరానికి జరపండి. మా నాన్నకు ఇదే జరిగింది, కారణం కనుక్కోవడానికి నాకు చాలా రోజులు పట్టింది, ఆ రోజులన్నీ ఆయన టీవీ ఆపేసి వరండాలో కూర్చున్నారు.

కొత్త ప్లగ్గు బిగించాక కేబుల్ రింగు పరీక్షలో గుయ్ వచ్చిందా లేదా, మీ టీవీ వెనక ఎర్రగా వెలిగే చదరపు రంధ్రం ఉందా లేదా, ఈ రెండు సంగతులూ రాయండి. వీలైతే టీవీ, హోమ్ థియేటర్ వెనక భాగాల ఫొటోలు పెట్టండి. ఏ ఐసోలేటర్ సరిపోతుందో, ఏది అక్కర్లేదో వాటిని చూసి చెబుతాను.